ఎగిరే ముందు చదివే పేజీ

సూర్యాపేటకు రైలు స్టేషన్ లేదు. కోదాడకూ లేదు. మిర్యాలగూడకు మాత్రం బీబీనగర్–నడికుడి లైను పుణ్యమా అని ఆ భాగ్యం దక్కింది. అయితే మ్యాపు మీద శంషాబాద్ విమానాశ్రయం నుంచి విజయవాడ విమానాశ్రయం ఉన్న గన్నవరానికి స్కేలు పెట్టి ఒక గీత గీయండి. అది దాదాపు మిర్యాలగూడ నెత్తి మీదుగా పోతుంది. సూర్యాపేట, కోదాడ రెండూ ఎడమ చేతి పక్కన ఉండిపోతాయి. గీత పొడవు సుమారు 265 కిలోమీటర్లు, విమానాల లెక్కలో 143 నాటికల్ మైళ్ళు. కింద నాగార్జునసాగర్ ఎడమ కాలువ, దాని ఆయకట్టు వరి పొలాలు. కుడి పక్కన దూరంగా దామరచర్ల మండలంలోని యాదాద్రి థర్మల్ కేంద్రం పొగగొట్టాలు, ఆ తర్వాత గీతకు దగ్గరలోనే మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీలు. పైలట్ శిక్షణలో నావిగేషన్ పాఠం ఇలాగే మొదలవుతుంది. గీత గీయాలి, కొలవాలి, కింద ఏమేం కనబడతాయో వరుసగా రాసుకోవాలి.

గీత గీయడం తేలికే. దాని రెండు కొసల్లో ఉన్న విమానాశ్రయాల గురించి అధికారిక పుస్తకం ఏం చెబుతోందో చదవాల్సి వచ్చినప్పుడు అసలు తలనొప్పి మొదలవుతుంది. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లలకు కూడా ఆ పేజీ మొదటిసారి చూసినప్పుడు ఒక్క వాక్యం దొరకదు. అన్నీ పెద్ద అక్షరాలు. ఆర్‌డబ్ల్యూవై, టీడబ్ల్యూవై, టీహెచ్‌ఆర్, ఏఆర్‌పీ, హెచ్‌జే, పీపీఆర్, టోరా, టోడా, పాపి. మధ్య మధ్య నిల్, నిల్, నిల్.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు పట్టణాల్లో ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసిన పిల్లాడికి ఇంజనీరింగ్ దారి వేసి పెట్టినట్టే ఉంటుంది. ఆ దారి వదిలి విమానం వైపు వెళ్ళేవాళ్ళు తక్కువ, కానీ ఉన్నారు. పదహారేళ్ళు నిండితే స్టూడెంట్ పైలట్ లైసెన్సు, పద్దెనిమిది నిండాక 200 గంటలు ఎగిరి పరీక్షలు రాసి కమర్షియల్ పైలట్ లైసెన్సు. ఖర్చు అర కోటి రూపాయలకు అటూ ఇటూ. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి పంపే ఇళ్ళలో ఈ చదువు మీద భయం, గర్వం రెండూ ఉంటాయి. విమానం ఈ ప్రాంతానికి మరీ కొత్తేమీ కాదు. ఉత్తమ్‌కుమార్‌రెడ్డి వైమానిక దళంలో మిగ్-21, మిగ్-23 యుద్ధ విమానాలు నడిపి వచ్చాకే 1999లో కోదాడ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా సాగర్ వెళ్తే ఆనకట్ట అవతల విజయపురి సౌత్‌లో శిక్షణ విమానాలు దిగే చిన్న రన్‌వే ఉంది. 2014 తర్వాత అది ఆంధ్ర వైపు, ఇప్పుడు పల్నాడు జిల్లాలో. అక్కడి రెండు సీట్ల సెస్నాలు నది దాటి ఇవతలి పొలాల మీదికి రావడం పెద్దవూర మండలం వాళ్ళకు అలవాటే. 2022 ఫిబ్రవరి 26న ఆ మండలంలోనే తుంగతుర్తి దగ్గర అలాంటి సెస్నా-152 ఒకటి కూలి, ఒంటరిగా నడుపుతున్న శిక్షణలోని యువతి ప్రాణాలు కోల్పోయింది. ఆ ప్రమాదానికీ ఈ కథనంలో చెప్పే అక్షరాలకూ ముడిపెట్టడం అన్యాయం. ఈ చదువు ఎంత బరువైనదో ఇక్కడివాళ్ళకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, అంతవరకే.

ఒకే వరసలో ప్రపంచమంతా

ఆ పుస్తకం పేరు ఏరోనాటికల్ ఇన్ఫర్మేషన్ పబ్లికేషన్. అందరూ ఏఐపీ అంటారు. మన దేశంలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది, ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా తెరిచి చూడొచ్చు. మూడు భాగాలు. జనరల్, ఎన్‌రూట్, ఏరోడ్రోమ్. పొడి అక్షరాల విప్పు పట్టిక జనరల్ భాగంలో 2.2 అనే అధ్యాయంలో ఉంది. ఒక్కో విమానాశ్రయం వివరాలు మూడో భాగంలో, ఏడీ-2 కింద ఉంటాయి.

ఏడీ-2లో సుమారు పాతిక అంశాలు. వాటి వరస అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, ఖాయం చేసింది. ఎవరూ తమ ఇష్టానికి మార్చరు. పన్నెండో అంశం రన్‌వే కొలతలంటే గన్నవరంలోనూ అదే, పారిస్‌లోనూ అదే. ఏడో అంశం రుతువుల ఇబ్బందులు, రన్‌వే మీద పడ్డ మంచు తొలగించే ఏర్పాట్లు. మూడో అంశంలో, పనివేళల జాబితాలో, రెక్కల మీద గడ్డకట్టిన మంచును కరిగించే సేవకూ ఒక గడి ఉంది. మే నెల మధ్యాహ్నం సూర్యాపేటలో కూర్చుని ఈ గడులు చదివితే నవ్వొస్తుంది. కానీ ఆ గడి తీసేస్తే తర్వాతి అంకెలన్నీ జరుగుతాయి. ఎనిమిదో అంశం ఒక దేశంలో ఒకటి, ఇంకో దేశంలో ఇంకొకటి అవుతుంది. పనికిరాని గడిని కూడా అలాగే ఉంచడం వల్లే, ఒక్క పేజీ బాగా చదవడం వచ్చినవాడికి ఆ వరస పాటించే ఏ దేశంలోని విమానాశ్రయం పేజీ అయినా చదవడం వస్తుంది.

మన పిల్లలు ఇక్కడే తప్పు దారి పడతారు. ఎంసెట్ బిట్లు బట్టీపట్టిన చేతులు కదా. పట్టిక ప్రింటు తీసి, ఏ నుంచి జెడ్ దాకా గోడకు అంటించి, రోజుకు ఇన్ని అని వల్లె వేస్తారు. ఢిల్లీ ద్వారకాలోని కోచింగ్ గదుల్లోనూ ఇదే పద్ధతి. పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ పరీక్షలో నూటికి డెబ్బై తెచ్చుకోవడానికి అది సరిపోవచ్చు. కానీ టోరా అంటే టేకాఫ్ రన్ అవైలబుల్ అని చెప్పగలిగిన విద్యార్థిని, మరి నీ విమానం ఇవాళ మధ్యాహ్నం ఈ రన్‌వే మీద నుంచి లేస్తుందా అని అడిగితే తెల్లమొహం వేస్తాడు. అక్షరాల విప్పు ఒక వారం పని. దాన్ని చూసి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడమే చదువు.

బెజవాడ ఇంకా ఉంది

మొదటి అంశం విమానాశ్రయం పేరు, దాని నాలుగక్షరాల సంకేతం. ప్రయాణికులకు తెలిసిన మూడక్షరాలు వేరు. టికెట్టు మీద, సూట్‌కేసు ట్యాగు మీద ఉండే హెచ్‌వైడీ, వీజీఏ లాంటివి విమాన కంపెనీల సంఘం ఐయాటా ఇచ్చినవి. పైలట్లు, కంట్రోలర్లు వాడేవి ఐకావో ఇచ్చిన నాలుగక్షరాలు. మన దేశంలో గగనతలాన్ని నాలుగు ప్రధాన ప్రాంతాలుగా విడదీశారు. ముంబై కింద ఉన్నవి వీఏతో, కోల్‌కతావి వీఈతో, ఢిల్లీవి వీఐతో, చెన్నైవి వీఓతో మొదలవుతాయి. తెలుగు రాష్ట్రాల్లో కనబడేవి వీఓలే. తిరుపతి వీఓటీపీ, రాజమండ్రి వీఓఆర్‌వై. కడప వీఓసీపీ, దొరల కాలం నాటి స్పెల్లింగులోని సీ అక్షరంతో. గన్నవరం వీఓబీజెడ్. బీజెడ్ అంటే బెజవాడ. రైల్వేలోనూ విజయవాడ బీజెడ్‌ఏనే.

ఒక గోతి కూడా ఉంది ఇక్కడ. 2008 మార్చిలో శంషాబాద్ మొదలైనప్పుడు హెచ్‌వైడీ అనే మూడక్షరాలు బేగంపేటను వదిలి కొత్త విమానాశ్రయానికి వెళ్ళాయి. బేగంపేటకు బీపీఎం ఇచ్చారు. నాలుగక్షరాల సంకేతం మాత్రం కదల్లేదు. వీఓహెచ్‌వై ఇప్పటికీ బేగంపేటే. శంషాబాద్‌ది వీఓహెచ్‌ఎస్. ప్రయాణికుడిగా హెచ్‌వైడీ అలవాటైన విద్యార్థి ఫ్లైట్ ప్లాన్‌లో చేతి వాటంగా వీఓహెచ్‌వై అని రాశాడంటే కాగితం మీద అతను వెళ్తున్నది వేరే విమానాశ్రయానికి. బేగంపేట రన్‌వే 09/27, శంషాబాద్‌ది కూడా అదే దిశ కావడం ఈ గందరగోళానికి ఇంకాస్త ఉప్పు చల్లుతుంది. శంషాబాద్‌లో రెండు సమాంతర రన్‌వేలు ఉన్నాయి కాబట్టి అంకె పక్కన ఎడమకు ఎల్, కుడికి ఆర్ చేరుతుంది, తేడా అంతే. అంకె అయస్కాంత దిక్కులో పదో వంతు. 09 అంటే 90 డిగ్రీలు, సుమారుగా తూర్పు. 27 అంటే అదే రన్‌వేను పడమరకు వాడటం.

విశాఖ పాత నోట్సుల్లో వీఈవీజెడ్ అని ఉంటుంది, ఇప్పుడు వీఓవీజెడ్. సీనియర్లు ఇచ్చిన జిరాక్సులు కళ్ళకద్దుకుని చదివేవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఆదివారమా, సోమవారమా?

మూడో అంశం పనివేళలు. చూడటానికి చాలా సాదా గడి. విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే.

ఏఐపీలో కాలం అంతా యూటీసీలో ఉంటుంది, పైలట్ల నోట్లో జులూ టైమ్. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఒక విమానాశ్రయం పనివేళలు 0030 నుంచి 1230 అని ఉంటే అర్ధరాత్రి దాటిన అరగంటకు తెరుస్తారని కాదు. పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా అని. ఇంతవరకు అందరూ రెండు రోజుల్లో పట్టేస్తారు. రేపు ఎన్నింటికి ఎగురుతావు నాన్నా అని అమ్మ ఫోన్‌లో అడిగితే జీరో జీరో త్రీ జీరో అని చెప్పి ఆమెను బెదరగొట్టే దశ కూడా వస్తుంది.

చిక్కు తేదీల దగ్గర. మనకు సోమవారం తెల్లవారుజాము ఐదు గంటలైనప్పుడు యూటీసీలో ఇంకా ఆదివారం రాత్రి పదకొండున్నరే. సోమవారం నుంచి శనివారం వరకు 2330కి మొదలు అని ఒక గడిలో ఉంటే, మన లెక్కలో అది మంగళవారం నుంచి ఆదివారం తెల్లవారుజాము. తాత్కాలిక హెచ్చరికల్లో తేదీ, సమయం కలిపి పది అంకెలు ఒకే ముద్దగా రాస్తారు. 2606142330 అంటే 2026 జూన్ 14, యూటీసీ 23:30. ఇక్కడ మాత్రం అది జూన్ 15 ఉదయం ఐదు. ఎండకు ముందే ఎగరాలని చూసే మన శిక్షణ విమానాలన్నీ సరిగ్గా ఈ తేదీ మారే గంటల్లోనే బయల్దేరతాయి.

అదే గడిలో అంకెలకు బదులు కొన్నిసార్లు అక్షరాలు ఉంటాయి. హెచ్24 అంటే రాత్రీ పగలూ. హెచ్‌జే అంటే సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా, హెచ్‌ఎన్ అంటే దానికి ఉల్టా. హెచ్‌ఎస్ అంటే షెడ్యూల్డ్ విమానాలు నడిచే వేళల్లో మాత్రమే. హెచ్‌ఓ అంటే అవసరాన్ని బట్టి. హెచ్‌ఎక్స్ అంటే వేళాపాళా లేదని. జే ఏమిటి, డే కదా ఉండాలి అని ఇంగ్లిష్ మీడియం పిల్లలు తల గోక్కుంటారు. అది ఫ్రెంచి పగలు. వాతావరణ నివేదికల్లోనూ ఫ్రెంచి వాసన ఉంది. పలుచని పొగమంచుకు బీఆర్, పొగకు ఎఫ్‌యూ, వడగళ్ళకు జీఆర్, మూడూ ఫ్రెంచి మాటల ముక్కలే. అమెరికా పిల్లలు బీఆర్‌ను బేబీ రెయిన్ అని గుర్తుపెట్టుకుంటారట. గుర్తుండటానికి బాగానే ఉంది, అర్థం మాత్రం వానకు సంబంధించింది కాదు. డిసెంబరు ఉదయాల్లో కృష్ణ ఆయకట్టు మీద వాలే మంచు పొర బీఆర్. ఒక కిలోమీటరు నుంచి ఐదు కిలోమీటర్ల దాకా మాత్రమే కనబడుతోందని దానర్థం. కంటిచూపు మీద ఆధారపడి ఎగరడానికి మామూలుగా ఐదు కిలోమీటర్లు కనబడాలి. కాబట్టి ఆ రెండక్షరాలు చూసిన విద్యార్థి సాధారణంగా చేయాల్సిన పని టీ తాగుతూ కూర్చోవడం.

తెలుగు మీడియం నుంచి వచ్చామని బెరుకు పడే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి. ఈ భాష ఇంగ్లిష్ వాడిదీ కాదు. టెలిగ్రాఫు, టెలిప్రింటర్ల కాలంలో అక్షరానికి డబ్బు, సమయం లెక్కగట్టి కుదించిన భాష ఇది. ఎత్తు కొలిచే అల్టీమీటరును సరిచేసే ఒత్తిడికి క్యూఎన్‌హెచ్ అనే పేరు క్యూ-కోడ్ వంశం నుంచి వచ్చింది. ఓడలు, తీరంలోని రేడియో స్టేషన్లు మాట్లాడుకోవడానికి బ్రిటిష్ వాళ్ళు మొదలుపెట్టిన ఆ కోడ్‌ను 1912 లండన్ రేడియో టెలిగ్రాఫు సమావేశం అంతర్జాతీయం చేసింది. ఎన్‌హెచ్ అంటే నాటికల్ హైట్ అని హాస్టళ్ళలో చెప్పుకునేది తర్వాత కట్టిన కథ. లండన్‌లో పుట్టినవాడైనా దీన్ని కొత్తగా నేర్చుకోవాల్సిందే.

నాలుగు పొడవుల రన్‌వే

రన్‌వే పొడవెంత అని అడిగితే ఒక అంకె చెబుతాం. పదమూడో అంశం నాలుగు చెబుతుంది.

టోరా, నేల మీద పరుగెత్తడానికి దొరికే పొడవు. టోడా, ఆ పరుగుకు తోడు అడ్డంకులు లేకుండా వదిలిన ఖాళీ జాగా కూడా కలిపి, చక్రాలు లేచి కాస్త ఎత్తు అందుకునే వరకు లెక్కించుకోగలిగే దూరం. ఆస్డా, పరుగు మొదలుపెట్టాక ఇంజను తేడా చేసి మనసు మార్చుకుంటే ఆగడానికి ఉన్న దూరం. ఎల్‌డీఏ, దిగడానికి ఉన్నది. ఒక ఉదాహరణ ఊహించుకోండి. తారు పట్టీ 1500 మీటర్లు. ఒక కొస దగ్గర చెట్లో కరెంటు తీగలో ఉన్నాయని చక్రాలు ఆనాల్సిన గీతను 200 మీటర్లు లోపలికి జరిపారు. అవతలి కొసన ఆగడానికి మాత్రమే పనికొచ్చే 60 మీటర్ల ముక్క అదనంగా వేశారు. అప్పుడు టోరా 1500, ఆస్డా 1560, ఎల్‌డీఏ 1300. పైనుంచి చూస్తే కనబడేది ఒకటే నల్లటి పట్టీ. లేచేవాడికి ఒక పొడవు, ఆగేవాడికి ఒకటి, దిగేవాడికి ఒకటి. పైగా ఇవన్నీ ఒక దిశకే. 09 వైపు లెక్కలు 27 వైపు చెల్లవు.

సెస్నా-152 తయారీదారు పుస్తకం ప్రకారం సముద్ర మట్టం దగ్గర, చల్లని వాతావరణంలో, పూర్తి బరువుతో లేవడానికి నేల మీద పరుగు 725 అడుగులే. మీటర్లలో 220. అలాంటప్పుడు 1500 మీటర్ల రన్‌వే మీద ఈ నాలుగు అంకెల గొడవ మనకెందుకు అని విద్యార్థి అడగడం న్యాయమే. దానికి జవాబు రెండో అంశంలో, ఎవరూ పట్టించుకోని ఒక గడిలో ఉంది. ఎలివేషన్, రిఫరెన్స్ టెంపరేచర్. విమానాశ్రయం సముద్ర మట్టం నుంచి ఎంత ఎత్తు, అక్కడ బాగా వేడిగా ఉండే నెలలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటు ఎంత.

బేగంపేట ఎత్తు 1742 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక వాతావరణం ప్రకారం ఉండాల్సిన ఉష్ణోగ్రత పదకొండున్నర డిగ్రీలు. మన మే నెలలో 42. తేడా ముప్ఫై పైచిలుకు. డిగ్రీకి సుమారు 120 అడుగుల చొప్పున కలుపుకుంటూ పోతే, ఆ మధ్యాహ్నం బేగంపేట రన్‌వే మీద నిలబడ్డ విమానం తాను 5400 అడుగుల ఎత్తున ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. హార్స్‌లీ కొండల శిఖరం కంటే పైన. గాలి పలచబడితే రెక్కకు ఊతం తగ్గుతుంది, ఇంజనుకు ఊపిరి తగ్గుతుంది, ప్రొపెల్లరు పట్టు తగ్గుతుంది. పరుగు పొడవవుతుంది, లేచాక ఎత్తు అందుకోవడం నత్తనడక అవుతుంది. పొగగొట్టాలు, హైటెన్షన్ తీగలు అప్పుడు గుర్తొస్తాయి. ఇద్దరు బరువైన మనుషులు, నిండు ట్యాంకు, మధ్యాహ్నం రెండు గంటలు. ఈ మూడూ కలిసిన రోజు 220 మీటర్ల మాట మర్చిపోవాలి. మార్చి నుంచే ఇక్కడి శిక్షణ సంస్థలు తెల్లవారుజామునే విమానాలు బయటికి తీయడానికి ఎండదెబ్బ భయం ఒక్కటే కారణం కాదు.

ఎలివేషన్‌తో ఇంకో పని ఉంది. క్యూఎన్‌హెచ్ పెట్టుకుని శంషాబాద్‌లో దిగిన విమానం అల్టీమీటరు సున్నా చూపదు, దాదాపు 2024 అడుగులు చూపుతుంది. అది విమానాశ్రయం ఎత్తు. గన్నవరంలో దిగితే ఎనభై చిల్లర. గన్నవరం అలవాటుతో శంషాబాద్ వచ్చేవాడు ముల్లు రెండు వేల దగ్గర ఉంటే ఇంకా బోలెడు ఎత్తు ఉందనుకోకూడదు. అడ్డంకుల జాబితా చదివేటప్పుడూ ఇదే జాగ్రత్త. పొగగొట్టం ఎత్తు ఫలానా అన్నప్పుడు అది నేల నుంచా, సముద్ర మట్టం నుంచా? ఏజీఎల్, ఏఎంఎస్‌ఎల్ అనే చిన్న అక్షరాల జోడింపు మీద వందల అడుగులు ఆధారపడి ఉంటాయి.

నిల్

అగ్నిమాపక వర్గం, ఏప్రన్ బలం, ట్యాక్సీవే వెడల్పు. చిన్న విమానం నేర్చుకునేవాడికి ఇవి తొలి రోజుల్లో ఒక చూపు చాలు. నా దృష్టిలో ఈ పేజీ మొత్తంలో నిదానంగా చదవాల్సిన పదం మాత్రం పొడి అక్షరమే కాదు. మూడక్షరాల నిల్.

పిల్లలు దాన్ని దాటేస్తారు. ఏమీ లేదు కాబట్టి చదవడానికీ ఏమీ లేదనుకుంటారు. దీపాల గడిలో నిల్ ఉంటే, సూర్యుడు దిగేలోపు రన్‌వే మీద ఉండాలి, ఆలస్యమయ్యే పరిస్థితి వస్తే ఇంకెక్కడికి వెళ్ళాలో బయల్దేరకముందే తేలాలి. ఇంధనం గడిలో నిల్ ఉంటే తిరుగు ప్రయాణానికి కూడా ఇక్కడే పోయించుకోవాలి, ఆ బరువు లేచేటప్పటి పరుగుకు కలుస్తుంది. పెట్రోలు రకం చూసుకోవడం మరవకూడదు. ఎయిర్‌లైన్లు దిగే చోట జెట్ ఇంధనం ఉన్నంత మాత్రాన సెస్నాకు కావాల్సిన 100ఎల్ఎల్ ఉంటుందని హామీ లేదు. వాతావరణ కార్యాలయం నిల్ అయితే పక్క ఊరి నివేదికతో సర్దుకోవాలి, కృష్ణ ఒడ్డున మంచు ఉందో లేదో పక్క ఊరికి తెలియదు. టవరు నిల్ అయితే అడ్డొచ్చే విమానం ఎక్కడుందో చెప్పేవాళ్ళు లేరు. నువ్వే రేడియోలో నీ ఉనికి చాటుకుంటూ, కళ్ళు నాలుగు వైపులా తిప్పుతూ దిగాలి. పక్కనే పీపీఆర్ అని ఉంటే ముందస్తు అనుమతి లేకుండా అసలు దిగకూడదు.

ఇలా చూస్తే ఒక్కో నిల్ ఒక్కో పనిని యంత్రాంగం మీద నుంచి తీసి పైలట్ చేతిలో పెడుతోంది. శంషాబాద్ లాంటి పెద్ద విమానాశ్రయం పేజీ ఎంత పొడవైనా చదవడానికి ఒక రకంగా సులువే, అక్కడ దాదాపు ప్రతి పనికీ ఒక మనిషి, ఒక యంత్రం ఉన్నాయి. చిన్న ఊరి రన్‌వే పేజీ పొట్టిగా ఉంటుంది. శిక్షణలోని పిల్లలు ఎక్కువగా ఎగిరేది ఇలాంటి చోట్లే.

కాగితం కుప్పలో ఒక లైను

ఏఐపీ నెమ్మది పుస్తకం. ముఖ్యమైన మార్పులు 28 రోజుల చక్రంలో, ఎప్పుడూ గురువారం నాడే అమల్లోకి వస్తాయి. దీన్ని ఐరాక్ అంటారు. ఈలోగా రన్‌వే మీద గుంత పడితే, దీపాలు ఆరిపోతే చెప్పడానికి నోటమ్ ఉంది. దాని రెండో లైను చూసి జడుసుకోని విద్యార్థి ఉండడు. వీఓఎంఎఫ్, క్యూఎంఆర్‌ఎల్‌సీ, ఐవీ, ఎన్‌బీఓ, ఏ అంటూ సాగుతుంది. వీఓఎంఎఫ్ చెన్నై గగనతలం. క్యూ తర్వాతి రెండక్షరాలు ఏ వస్తువో, చివరి రెండు దానికేమైందో చెబుతాయి. ఎంఆర్ రన్‌వే, ఎల్‌సీ మూసేశారు. ఎంఆర్ స్థానంలో ఎఫ్‌ఏ వస్తే విమానాశ్రయమే మూత. ఐవీ అంటే పరికరాల ఆధారంగా ఎగిరేవాళ్ళకూ, కంటిచూపుతో ఎగిరేవాళ్ళకూ ఇద్దరికీ వర్తిస్తుందని. కింద వివరంలో యూ/ఎస్ అని ఉంటే పనిచేయడం లేదు, డబ్ల్యూఐపీ అంటే పని నడుస్తోంది.

ఇవన్నీ వచ్చాక కూడా పొరపాటు జరుగుతుంది, అదీ వేల గంటల అనుభవం ఉన్నవాళ్ళకు. 2017 జులై 7 రాత్రి టొరంటో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చిన ఎయిర్ కెనడా 759 విమానం 28ఆర్ రన్‌వే మీద దిగాలి. పక్కన సమాంతరంగా ఉండే 28ఎల్ ఆ రాత్రి మూసి, దీపాలు ఆర్పేసి ఉంది. వెలుగుతున్న ఒక్క రన్‌వేను చూసి పైలట్లు అదే 28ఎల్ అనుకున్నారు, దాని కుడి పక్కనున్న ట్యాక్సీవేను 28ఆర్ అనుకుని దాని మీదికి దిగసాగారు. అక్కడ నాలుగు విమానాలు టేకాఫ్‌కు వరుసలో నిలబడి ఉన్నాయి. చివరి క్షణంలో పైకి లేపేటప్పటికి నేలకు అరవై అడుగుల ఎత్తు. 28ఎల్ మూసి ఉందన్న నోటమ్ వాళ్ళ చేతిలోని కాగితాల్లోనే ఉంది. అమెరికా ప్రమాద దర్యాప్తు మండలి పైలట్ల తప్పుతో పాటు, ముఖ్యమైన సంగతిని కుప్పలో కలిపి ఇచ్చే నోటమ్‌ల పద్ధతినీ తప్పుపట్టింది. ఆ తర్వాత 2023 జనవరి 11న అమెరికాలో నోటమ్ కంప్యూటరు వ్యవస్థే మొరాయిస్తే, దేశమంతటా విమానాలు బయల్దేరకుండా గంటకు పైగా ఆపేశారు. చదవలేని నోటమ్ కన్నా అసలు నోటమ్ లేకపోవడం ఇంకా పెద్ద గండమని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది.

టెక్సాస్ వెళ్ళినా

మన పిల్లల్లో కొందరు శిక్షణకు ఫ్లోరిడాకో టెక్సాస్‌కో పోతారు. అక్కడి పుస్తకం పేరు చార్ట్ సప్లిమెంట్. 2016 దాకా ఎయిర్‌పోర్ట్ ఫెసిలిటీ డైరెక్టరీ అనేవాళ్ళు. 56 రోజులకోసారి కొత్తది వస్తుంది. ఐకావో వరసకు బదులు ఒక్కో విమానాశ్రయాన్ని దట్టమైన ఒక పేరాలో నొక్కి పెడతారు. టీపీఏ అంటే విమానాశ్రయం చుట్టూ తిరగాల్సిన ఎత్తు. సీటీఏఎఫ్ అంటే టవరు లేని చోట అందరూ మాట్లాడుకునే ఫ్రీక్వెన్సీ. రైట్ ట్రాఫిక్ అని ఉంటే అందరిలా ఎడమకు కాకుండా కుడికి తిరుగుతూ దిగాలి. రన్‌వే చుట్టుపక్కల జింకలు తిరుగుతాయని కూడా అదే పొడి అక్షరాల్లో రాస్తారు. సమయాల పక్కన రెండు అడ్డగీతల కత్తి లాంటి గుర్తు ఒకటి కనబడుతుంది. వేసవి గడియారం అమల్లో ఉన్న రోజుల్లో ఆ యూటీసీ సమయాన్ని ఒక గంట వెనక్కి లెక్కవేసుకోవాలని దానర్థం. ఏడాది పొడుగునా ఒకటే గడియారం ఉన్న దేశం నుంచి వెళ్ళినవాళ్ళకు ఇది బుర్రకెక్కడానికి టైమ్ పడుతుంది. చదువు ముగించి తిరిగొచ్చి ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవాలంటే మళ్ళీ డీజీసీఏ పరీక్షలు, మళ్ళీ ఏఐపీ.

నేర్చుకునే దారి మాత్రం రెండు చోట్లా ఒకటే. గోడ మీది పట్టిక తీసేసి వీఓబీజెడ్ పేజీ తెరవండి. రేపు ఉదయం సెస్నాలో గన్నవరం వెళ్ళాలని అనుకోండి. తెరిచి ఉంటుందా? ఎవరితో ఏ ఫ్రీక్వెన్సీలో మాట్లాడాలి? గాలి పడమటి నుంచి వీస్తే 08, 26లలో దేని మీద దిగాలి, దానికి ఎల్‌డీఏ ఎంత? దారిలో, దిగే చోట ఎత్తైనవి ఏమున్నాయి? నా విమానానికి పెట్రోలు దొరుకుతుందా? అక్కడ కుదరకపోతే ఎటు? ఒక్కో ప్రశ్నకు జవాబు వెతుకుతూ పోతే అవసరమైన అక్షరాలు వాటంతటవే ఎదురవుతాయి, ఎదురైనవి గుర్తుంటాయి. జవాబులు రాసుకున్న కాగితం పక్కన, పేజీ అంచున ముద్రించి ఉండే తేదీ కూడా రాసుకోవాలి. హాస్టల్ గదుల్లో చేతులు మారే ప్రింట్లలో సాధారణంగా చిరిగిపోయేది ఆ అంచే. తేదీ కనబడని ప్రింటు ఎవరిచ్చినా పారేసి, ఈ గురువారం తర్వాతి పేజీ మళ్ళీ తీసుకోండి.